కమ్మీ మీద టేపు ముక్కలు

ఆ ఆస్పత్రిలో అతన్ని అందరూ బ్రదర్ అంటారు. ఆడ నర్సుని సిస్టర్ అన్నట్టే మగ నర్సుని బ్రదర్ అనడం మామూలే, అందులో వింతేం లేదు. వింతల్లా వాళ్ళావిడ ఫోన్లో కూడా అతని నంబరు ‘బ్రదర్’ అనే ఉండటం. వాళ్ళ నాన్న ఐసియులో ఉన్న రోజుల్లో, ఎలా ఉందో కనుక్కోవడానికి ఎక్కించుకున్న పేరది. నాన్న పోయాడు, పెళ్ళయింది, పిల్లాడు పుట్టి బడికి కూడా పోతున్నాడు. పేరు మాత్రం మారలేదు. ఎప్పుడైనా గట్టిగా అడిగితే, “ఇప్పుడు మారిస్తే అవసరానికి మీరే దొరకరు” అంటుంది.

ఆవిడ తల్లి లెక్క వేరు. “ఆస్పత్రికి మొగుడితో వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు మొగుడు లేడు, అల్లుడున్నాడు” అని ఇన్నేళ్ళుగా ఎవరు కనిపిస్తే వాళ్ళకి చెబుతూనే ఉంది. అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడదు. అతను ఎదురుగా కూర్చుని ఉన్నా కూతురి వైపు తిరిగి, “మీ ఆయన్ని కాళ్ళు పైన పెట్టుకోమను, ఊడవాలి” అంటుంది. చుట్టాలెవరైనా అల్లుడేం చేస్తాడని అడిగితే, “పడుకున్నవాళ్ళకి సూదులు పొడుస్తాడు” అంటుంది, లేచి కూర్చున్నవాళ్ళెవరూ ఒప్పుకోరన్నట్టు.

ఆ అత్తగారు ఇప్పుడు అతను పనిచేసే ఐసియులోనే, మూల మంచం మీద ఉంది.

దగ్గుతో మొదలై ఊపిరితిత్తులు చెడ్డాయి, అక్కణ్ణుంచి విషం రక్తంలోకి పాకింది. గొంతులోకి గొట్టం వెయ్యడానికి డాక్టరు సిద్ధమవుతుంటే ఆవిడ ఆయాసపడుతూనే వేలెత్తి అల్లుణ్ణి చూపించింది. “ఇతన్ని మాత్రం... నా ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వకండి.” తర్వాత గొట్టం పడింది, మాట ఆగింది. ఈ లోకానికి ఆవిడ చెప్పిన ఆఖరి మాట, ప్రస్తుతానికి, అదే.

మెడకి కుడిపక్కన ఆవిడకి ఒక సన్నటి గొట్టం పెట్టారు. మెడ లైను అంటారు దాన్ని. బిపిని నిలబెట్టే మందు అందులోంచే గుండె దగ్గరికి పోతుంది. లైను జారితే మందు ఆగుతుంది. మందు ఆగితే బిపి కూలుతుంది. కూలాక ఎవరు పరుగెత్తినా లాభం లేదు. పోనీ గట్టిగా ఉంటే చాలా అంటే చాలదు, శుభ్రంగా కూడా ఉండాలి. అది నేరుగా రక్తంలోకి తెరిచిన తలుపు. పైన వేసిన ప్లాస్టిక్ డ్రెస్సింగు అంచు కాస్త లేచినా క్రిములకి గడియ తీసినట్టే.

సొంతవాళ్ళు పేషంట్లయితే ఆ నర్సు చూడకూడదని ఐసియులో ఒక రూలుంది. కానీ రూలుకి జ్వరం రాదు, మనుషులకి వస్తుంది. ఆ రోజు డ్యూటీకి రావలసినవాళ్ళు సగం మంది రాలేదు.

“మూల మంచం నువ్వే చూడాలి బ్రదర్,” అంది హెడ్ సిస్టర్. ఆవిడ మామూలుగా మాట్లాడితే తిట్టినట్టుంటుంది. తిడితే కొట్టినట్టుంటుంది.

“మా అత్తగారు మేడమ్.”

“తెలుసు. ఏదైనా అయితే ఇక్కడ నేను ఒక్కసారే తిడతాను. ఇంట్లో నీకు జన్మంతా ఉంటుంది. అందుకని నువ్వే జాగ్రత్తగా చూస్తావు.”

మధ్యాహ్నం పేషంట్లని చూడటానికి వచ్చినవాళ్ళని పంపించేశాక కూడా తలుపు దగ్గర అతని భార్య నిలబడే ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

“అమ్మని మీరే చూస్తున్నారటగా?”

“ఎవరూ లేరు. తప్పలేదు.”

“నాన్నప్పుడూ మీరే చూశారు.”

అతను చేతిలోని చార్టు తిరగేశాడు.

“నేనేమీ అనడం లేదండీ. నాన్న మీ చేతుల్లోనే పోయాడని అన్నయ్య అంటున్నాడు. అమ్మ అయితే మొదట్నుంచీ అంటోంది. ఇన్నేళ్ళూ నేను మీ వైపు నిలబడి వాళ్ళతో దెబ్బలాడాను.” ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “అమ్మకి ఏమైనా అయితే మాత్రం... దెబ్బలాడే ఓపిక నాకుండదు. అంతే.”

తలుపు దానంతటదే మూసుకుంది. అది అలాంటి తలుపు. మనిషి మాట పూర్తయిందా లేదా అని చూడదు.

ఐసియుకి కిటికీల్లేవు. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల ఏ వేళో తెలియదు. భోజనాల తర్వాత పేషంట్లు కాసేపు కునుకు తియ్యాలని దీపాలు తగ్గిస్తారు. అప్పుడు మానిటర్ల ఆకుపచ్చ గీతలే వెలుగు. స్పిరిట్ వాసన, ఫినాయిల్ వాసన, వాటి అడుగున వెచ్చటి ప్లాస్టిక్ వాసన. వెంటిలేటర్లు ఊపిరి పీల్చి వదులుతుంటాయి. మనిషి ఊపిరికి కాస్తయినా తడబాటు ఉంటుంది, వీటికి ఉండదు. మందు పంపులు గోడ గడియారాల్లా చిన్నగా టిక్కుమంటుంటాయి.

బ్రదర్‌కి తన పనిలో గొప్పగా చెప్పుకునేది ఒక్కటే ఉంది. టేపు. అవసరం వచ్చినప్పుడు మిగతావాళ్ళు కత్తెర కోసం జేబులన్నీ తడుముకుంటారు. అతను ముందే టేపుని ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్క కొస మడిచి, మంచం పక్క కమ్మీకి వరసగా అంటించి పెట్టుకుంటాడు. కావలసినప్పుడు చెయ్యి అలా పోతుంది, ముక్క ఇలా వస్తుంది. ఆ క్షణంలో అతనికి తను పెద్ద వాద్యకారుణ్ణన్నట్టు ఉంటుంది. వినేవాళ్ళకి మాత్రం పొట్లం కడుతున్న చప్పుడులా ఉంటుంది.

ఆ మధ్య ఒక రోజు హెడ్ సిస్టర్‌కి ఆ వరస కంటపడింది.

“ఏంటి, బట్టలారేశావా? ఆ కమ్మీని ఎంతమంది పట్టుకున్నారో, ఎవరెవరి దగ్గు దాని మీద పడిందో నీకు తెలుసా? దానికి అంటించి, పీకి, మళ్ళీ మనిషి మెడకి అంటిస్తావా? దానికంటే నాలికతో తడిపి అంటించు. నీ ఒక్కడి క్రిములతో పోతుంది.”

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మర్నాటి నుంచి ముక్కల్ని కమ్మీకి లోపలి వైపు, పరుపు పక్కన, ఆవిడకి కనిపించకుండా అంటించడం మొదలుపెట్టాడు. బుద్ధి మారడానికీ చోటు మారడానికీ తేడా అప్పట్లో అతనికి పెద్దగా కనిపించలేదు.

ఈ మధ్యాహ్నం దీపాలు తగ్గాక అత్తగారి మెడ చూశాడు. ఆవిడకి చెమట ఎక్కువ. డ్రెస్సింగు ఒక మూల తడిసి, పిసరంత లేచి ఉంది. లేచిన డ్రెస్సింగు తీసేసి, చేతులు కడిగి, గ్లవ్స్ వేసుకుని, మందు రాసి, ఆరనిచ్చి, కొత్తది వెయ్యాలి. ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ కొత్త డ్రెస్సింగు అవతలి కొసన స్టోరులో ఉంది, మొత్తం హాలు దాటి వెళ్ళాలి. చెయ్యి అలా కిందికి పోయింది. కమ్మీ లోపలి వైపు ముక్క తగిలింది. పీకి మూల మీద అంటించాడు.

“కదలకండి అత్తయ్యా,” అన్నాడు గొణుగుతూ. “కదిలితే మళ్ళీ నా పేరే చెబుతారు.”

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. మత్తులో కూడా ముఖం చిట్లించుకునే ఉంది. ఆ చిట్లింపు ఎవరి కోసమో అతనికి తెలుసు.

రెండడుగులు వేశాక గుర్తొచ్చింది. ఈ రోజు ఈ మంచం దగ్గర తను టేపు కత్తిరించలేదు.

నిన్నటిదేమో అనుకున్నాడు. నిన్న ఈ మంచం మీద పోస్టర్ల తాత ఉన్నాడు. ఇవాళ పొద్దున్న పోయాడు. అత్తగారిని ఎక్కించే ముందు మంచం కడిగారు, కమ్మీ పైన తుడిచారు. లోపలి వైపు ఎవరు చూస్తారు? ఎవరూ చూడరనే కదా తను అక్కడ పెట్టుకుంది.

తాత బతుకంతా ఉడికించిన పిండి రాసి గోడల మీద పోస్టర్లు అంటించిన మనిషి. అంటించడం ఎవడైనా చేస్తాడు, పీకడమే పని అనేవాడు. “కొత్తది నిలవాలంటే పాతది పీకాలిరా. దేన్నయినా పీకొచ్చు. కష్టమంతా మూల దొరికేదాకే.” ఐసియుకి వచ్చాక గోడలు అందక ఒంటి మీద పడ్డాడు. ఛాతీ మీది స్టిక్కర్లు, సెలైన్ సీసా మీది కాగితం, చేతి పట్టీ, అన్నీ గోటితో మూల వెతికి, ఓపిగ్గా, చిరగకుండా పీకేవాడు. రెండుసార్లు తన లైనే పీకేసుకున్నాడు. ముడతలు పడ్డ, తెల్లటి వెంట్రుకల చేతులకి దూది తొడుగులు తొడిగితే పళ్ళతో మొదలుపెట్టాడు. టేపు వేసినప్పుడల్లా బ్రదర్ మొహంలోకి చూసేవాడు. ఆ చూపులో నొప్పి లేదు, బతిమాలడం లేదు. పగ ఒక్కటే. చివరికి లైను చుట్టూ ఎర్రబడి, చలిజ్వరం పట్టుకుని, పోయాడు.

బ్రదర్ వెనక్కి తిరిగి చూశాడు.

మూల మళ్ళీ లేచి ఉంది. తను వేసిన ముక్క దాని మీద లేదు.

వంగి చూశాడు. ముక్క కమ్మీ మీద ఉంది. పైవైపున, కనిపించేలా, నిటారుగా అంటించి ఉంది. ముడత లేదు, గాలి బుడగ లేదు. చేతిలో టార్చి వేశాడు. అతను టేపు కత్తెరతో కత్తిరిస్తాడు. ఈ ముక్క కొస రంపంలా ఉంది. పంటితో చింపినట్టు.

ముట్టుకున్నాడు. తడిగా ఉంది.

“మీరేనా అత్తయ్యా పీకుతోంది?” అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆవిడ చేతులు రెండూ దుప్పటి మీద ఉన్నాయి, వేళ్ళు ఉబ్బి, కదలకుండా. అయినా నమ్మకం లేక దూది తొడుగులు తెచ్చి రెండు చేతులకీ తొడిగాడు. ఇప్పుడవి బాక్సింగ్ ఆడేవాడి చేతుల్లా ఉన్నాయి. అల్లుణ్ణి కొట్టడానికి ఎన్నాళ్ళకో సరంజామా దొరికినట్టుంది ఆవిడకి.

నవ్వు రాబోయింది. ఆగిపోయింది. తొడుగుల్లోని చేతులు కదల్లేదు... మెడ దగ్గర మాత్రం చప్పుడు. చిన్నది. గోరుతో కాగితం అంచు గీకినట్టు.

గీక్... గీక్...

హెడ్ సిస్టర్‌ని పిలిచాడు. ఆవిడ వచ్చి, మెడ చూసి, కమ్మీ చూసి, అతన్ని చూసింది.

“లేచిన డ్రెస్సింగు తీసి కొత్తది వెయ్యాలా, దాని మీద అతుకులు వెయ్యాలా?”

“కొత్తదే వెయ్యాలి మేడమ్. కానీ ఇది... ఎవరో పీకుతున్నారు.”

“ఎవరో పీకడమెందుకు, నీ పనితనం చూసి అదే ఊడిపోతుంది. సొంత అత్తకి కూడా ఇదేనా నువ్వు చేసేది? తప్పుకో.”

ఆవిడ చేతులు కడుక్కొచ్చి, కొత్త గ్లవ్స్ తొడుక్కుని, పాత డ్రెస్సింగు తీసింది. కింద చర్మం ఇంకా ఎర్రబడలేదు. కుట్లు రెండూ బిగువుగా ఉన్నాయి. మందు రాసి, అది ఆరేదాకా ఊదకుండా, విసరకుండా నిలబడి, కొత్త డ్రెస్సింగు వేసి నాలుగు పక్కలా వేలితో ఒత్తింది. “ఇక దీని మీద నీ వేలు పడకూడదు. కళ్ళు పడితే చాలు.”

అంతలో తలుపు పక్క మంచం దగ్గర అలారం మోగింది. అది మామూలు మోత కాదు, గుండె ఆగినప్పటి మోత. హెడ్ సిస్టర్ పరుగెత్తింది. డ్యూటీ డాక్టరు గదిలోంచి ఒక చెప్పుతో ఊడిపడ్డాడు. అక్కడ తెర లాగేశారు. ఛాతీ మీద నొక్కుతున్న చప్పుడు, లెక్కపెడుతున్న గొంతులు.

మూల మంచం దగ్గర బ్రదర్ ఒక్కడే మిగిలాడు. చెప్పినట్టే మెడ మీంచి కళ్ళు తిప్పలేదు.

ఏదో వాసన వచ్చింది. స్పిరిట్ కాదు, ఫినాయిల్ కాదు. ఉడికించిన పిండి పులిసిన వాసన. వెచ్చగా, జిగటగా, ముక్కు లోపల అంటుకునేలా... కమ్మీ పక్కనుంచి వస్తోంది.

అతని కళ్ళముందే డ్రెస్సింగు మూల మీద ఒక చిన్న గుంట పడింది. గోటి ముద్రంత. వదిలింది. మళ్ళీ పడింది, కాస్త పక్కన. ఎవరో మూల వెతుకుతున్నారు. తొందర లేదు. కోపంగా లాగడం లేదు. అనుభవం ఉన్న చెయ్యి.

దొరికింది.

మూల లేచింది. చిరగలేదు, ముడత పడలేదు. తిన్నగా, ఒకే కొలతలో, వెనక్కి... వెనక్కి... చర్‌ర్ర్... మొత్తం డ్రెస్సింగు లేచి, గాలిలో ఒక్క క్షణం నిలబడి, కమ్మీకి అంటుకుంది. కనిపించని అరచెయ్యి దాన్ని పై నుంచి కిందికి నిమిరింది.

“మేడమ్!” అని అరిచాడు. అరిచాననే అనుకున్నాడు. తెర అవతల లెక్క ఆగలేదు.

ఇప్పుడు కుట్టు. నల్ల దారం ముడి మెల్లగా వదులవుతోంది. తెగడం లేదు... విడుతోంది. ఒక పోగు... ఇంకో పోగు... దారం చర్మంలోంచి పాములా జారి దుప్పటి మీద పడింది. రెండోదీ జారింది. లైను వేలెడు బయటికొచ్చింది.

ఆలోచించే టైము లేదు. జారిన లైనుని లోపలికి తొయ్యకూడదు, బయటున్న క్రిములన్నీ దానితో లోపలికి పోతాయి. ఎక్కడుందో అక్కడే ఆపాలి. పక్కనే ఉన్న కట్టుగుడ్డ పాకెట్ పళ్ళతో చింపి, గుడ్డ మెడ మీద వేసి, దాని పైన కుడి అరచెయ్యి పెట్టి అదిమాడు. ఎడం చేత్తో గొట్టం పట్టుకున్నాడు. మానిటర్ మీద బిపి కొంచెం దిగింది. ఆగింది. నిలబడింది.

“వదలను,” అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియదు.

చెవి పక్కనే ఊపిరి తగిలింది. చల్లగా. పిండి వాసన.

“మూల...” అంది ఒక గొంతు. “దొరికేదాకే...”

అతని చిటికెన వేలు లేచింది.

అతను లేపలేదు. వేలి కింద ఏదో పల్చగా దూరింది, గోరులాంటిది, వేలికీ గుడ్డకీ మధ్య. మెల్లగా వేలిని వెనక్కి మడిచింది. నొప్పి లేదు. డబ్బా మీది కాగితం వచ్చినట్టు వచ్చేసింది. బలమంతా పెట్టి కిందికి నొక్కాడు. వేలు మాట వినలేదు. తర్వాత ఉంగరం వేలు... దాని కిందా అదే పలచటి చలువ...

“తాతా,” అన్నాడు. ఏడుపు వస్తోంది. “నా మీద కోపముంటే నన్ను పట్టుకో. ఆవిణ్ణి వదిలెయ్. ఆవిడకీ నాకూ అసలు మాటల్లేవు... ఆవిడ నా మనిషి కూడా కాదు...”

చెవి పక్కన ఊపిరి ఆగింది. విన్నట్టే ఉంది. నవ్వినట్టూ ఉంది.

నడిమి వేలు లేచింది.

బిపి దిగింది. పంపు కీచుమంది. అరచేతి కింద లైను మెల్లగా కదులుతోంది, బయటికి, బయటికి... తలుపు అవతల నిలబడ్డ భార్య కనిపించింది మనసులో. ముక్కు తుడుచుకుంటూ. దెబ్బలాడే ఓపిక లేకుండా.

అప్పుడు అత్తగారు కళ్ళు తెరిచింది.

గొట్టం నోట్లో ఉంది, మాట రాదు. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. అతని మొహం చూసింది, మెడ మీది చెయ్యి చూసింది. ఎప్పుడూ చూసే చూపే. తర్వాత ఆ చూపు జరిగి అతని భుజం పక్కన ఆగింది. అక్కడ ఎవరూ లేరు. ఆవిడ కనుపాపలు పెద్దవయ్యాయి. దూది తొడుగు ఉన్న చెయ్యి లేచింది. ఇన్నేళ్ళూ తోసినట్టే తోసేస్తుందనుకుని అతను కళ్ళు మూసుకున్నాడు.

ఆ చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది. తొయ్యలేదు. నొక్కింది.

లేచిన వేళ్ళు ఒక్కొక్కటే కిందికి అణిగాయి. చావు దగ్గర పడుకున్న మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. అత్తా అల్లుడూ ఒకరి చేతి మీద ఒకరు చెయ్యి వేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఆ మంచం పక్కని చూస్తూ అలాగే ఉండిపోయారు. ఆవిడ ఏం చూస్తోందో అతను అడగలేడు. ఆవిడ చెప్పలేదు.

చాలాసేపటికి డాక్టరు వచ్చాడు. వెనక హెడ్ సిస్టర్. చూడగానే ఇద్దరికీ అర్థమైంది. డాక్టరు గజ్జల దగ్గర కొత్త లైను వేశాడు. మందు అటు మార్చారు. బిపి నిలబడింది.

“చాల్లే బ్రదర్. చెయ్యి తియ్యి.”

“రావట్లేదు సార్.”

“ఏం, ప్రేమా?” అంది హెడ్ సిస్టర్. మణికట్టు పట్టుకుని లాగింది. చెయ్యి వచ్చింది, చర్‌ర్ర్‌మని. టేపు ఊడిన చప్పుడు. చేతిలో టేపు లేదు.

పాత లైను తీసి, క్రిములున్నాయేమో చూడమని కొస లాబ్‌కి పంపారు. హెడ్ సిస్టర్ దుప్పటి మీది దారాలు తీసి వెలుగులో పెట్టి చూసింది. ఎక్కడా తెగలేదు. తర్వాత వంగి, కమ్మీ లోపలి వైపు టార్చి వేసింది.

ఆ కొస నుంచి ఈ కొస దాకా టేపు ముక్కలు. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా. అన్నిటి కొసలూ పంటితో చింపినవే. అన్నీ తడిగా మెరుస్తున్నాయి.

అతను తిట్ల కోసం తల వంచుకున్నాడు. తిట్లు రాలేదు. ఆవిడ గ్లవ్స్ మీద ఇంకో జత గ్లవ్స్ తొడుక్కుంది. స్పిరిట్ సీసా మూత తీసింది. “నువ్వు బయటికి పో,” అంది. పక్కవాళ్ళ పిల్లాడికి చెప్పినట్టు, మెత్తగా. అతను వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు.

అత్తగారు బతికింది. లాబ్ నుంచి కబురు కూడా మంచిదే వచ్చింది, లైను కొస మీద ఏమీ పెరగలేదని. జ్వరం జారింది, గొంతులో గొట్టం తీసేశారు, కొన్నాళ్ళకి వార్డుకి మార్చారు. బావమరిది వచ్చి అతని భుజం తట్టాడు, గట్టిగానే. ఇన్నేళ్ళ బాకీ అంతా అందులో ఉందేమో. భార్య అందరి ముందూ ఏడ్చింది.

వార్డులో అత్తగారి పక్కన నిలబడి, “ఎలా ఉంది అత్తయ్యా?” అన్నాడు.

ఆవిడ కూతురి వైపు తిరగలేదు. అతన్నే చూసింది. గొట్టం రాపిడికి గొంతు బొంగురుపోయింది.

“అల్లుడుగారూ,” అంది. మొదటిసారి.

“చెప్పండి.”

“ముందు వెళ్ళి ఆ చెయ్యి కడుక్కోండి.”

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అతను వెళ్ళి కడుక్కున్నాడు. సబ్బుతో, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా, పుస్తకంలో చెప్పినట్టు. వచ్చి చూపించాడు. ఆవిడ చూసి మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య మంచినీళ్ళు తెచ్చి పక్కనే కూర్చుంది. పిల్లాడు వీధిలో ఆడుకుంటున్నాడు. ఎంతో కాలానికి ఆవిడ తనంతట తనే అతని చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

“ఇక వాళ్ళెవరూ మిమ్మల్ని ఏమీ అనరు,” అంది. “అంటే నేనూరుకోను.” వేళ్ళు నిమురుతూ ఆగింది. “ఇదేంటి? చేతికి ఏం అంటించుకున్నారు?”

“ఏమీ లేదే.”

“ఇదిగో, ఇక్కడ. ప్లాస్టిక్ ముక్కలాంటిది. మూల లేచింది చూడండి.”

మణికట్టు పైన, చెయ్యి వెనక వైపు, పల్చటి పొర. నలుచదరపు మూల. కత్తిరించినట్టు తిన్నగా ఉంది. ఆవిడ గోటితో దాన్ని పట్టుకుంది.

“ఆగు,” అన్నాడు.

“తడిసి నాని ఉంది. వచ్చేస్తోంది లెండి.”

“లాగకు...”

నొప్పి లేదు. చిన్న చప్పుడు, అంతే. ఆవిడ వేళ్ళ మధ్య పొర బెత్తెడు లేచింది. దాని మీద అతని పుట్టుమచ్చ ఉంది, అతని నల్లటి వెంట్రుకలు ఉన్నాయి. కింద నెత్తురు లేదు. కింద ఇంకో చర్మం ఉంది, పొడిగా, ముడతలుగా.

దాని మీది వెంట్రుకలు తెల్లగా ఉన్నాయి.